అక్కరలేనివి ముప్పై ఎనిమిది

నాకు కోపం ఎక్కువని నూజివీడులో అందరికీ తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లు బళ్లో తెలుగు చెప్పినదానికి కోపం రాక ఇంకేమొస్తుంది? అందుకని ముందే చెబుతున్నాను. ఇది మా కోడలి కథ. మధ్యమధ్యలో తన మీద విసుక్కుంటాను, తన కంపెనీ మీద విరుచుకుపడతాను, నన్ను నేను కూడా వదిలిపెట్టను.

మా కోడలి పేరు శ్రీలలిత. ముప్పై ఆరేళ్లు. చింతలపూడిలో గుడి అర్చకులు వెంకట రమణ గారి రెండో అమ్మాయి. ఉద్యోగం హైదరాబాదు కంపెనీలో, కూర్చునేది మా మేడ మీది గదిలో. మావాడు భార్గవకి చింతలపూడి బ్యాంకులో పని. పొద్దున్నే బండేసుకుని తను పుట్టిన ఊరికి వీడు పోతాడు, వీడు పుట్టిన ఊళ్లో తను ఉంటుంది.

"మీ కోడలు ఏం చేస్తుందండీ సౌభాగ్యలక్ష్మి గారూ?" అని ఎవరైనా అడిగితే చాలాకాలం నాకు చెప్పడం చేతకాలేదు. ఆ కంపెనీకి 'అటక' అని ఒక యాప్ ఉంది. ఫోన్లో పట్టని ఫోటోలు, కాగితాలు, పాటలు తీసుకెళ్లి ఎక్కడో దాస్తుంది. కావాలంటే మళ్లీ దింపుకోవచ్చు. దాచడాలూ దింపడాలూ చూసే ఇంజనీర్లు వేరే ఉన్నారు. యాప్ తెరవగానే మన కంటికి ఏం కనపడాలి, ఏ బటన్ ఎక్కడుండాలి, ఏ రంగులో ఉండాలి, దాని మీద ఏం రాయాలి, నొక్కాక ఏం రావాలి, ఇవన్నీ గీసేది మా లలిత. బాగా గీస్తే ఎవరికీ తెలియదు. బాగా లేకపోతే దేశమంతా తిడుతుంది. వంటింట్లో ఆడదాని పని కూడా అంతేగా, అందుకే నాకు అర్థమైంది.

కొత్త తెర గీసినప్పుడల్లా ఫోను నా చేతికిచ్చి కూర్చోబెడుతుంది. "అత్తయ్యా, ఇందులో మామయ్యగారి ఫోటో వెతికి పెట్టండి" అంటుంది. నేను తంటాలు పడుతుంటే పక్కన కూర్చుని రాసుకుంటుందే కానీ సాయం చేయదు. మొదటిసారి నాకు ఒళ్లు మండింది.

"నాకు పరీక్ష పెడుతున్నావా?" అన్నాను.

"పరీక్ష మీకు కాదత్తయ్యా, నాకు. మీరు తప్పు నొక్కితే తప్పు నాది" అంది.

ఆ మాట నాకు నచ్చలేదు. నా సర్వీసులో పిల్లాడు తప్పు రాస్తే తప్పు పిల్లాడిదే. చెవి మెలిపెట్టేదాన్ని.

తొమ్మిదేళ్లుగా తనది ఇదే పని. మెడకొక పట్టీ, కుడి మణికట్టుకొక పట్టీ. పది గంటలకు మొదలుపెడితే సాయంత్రం ఆరు, ఏడు దాకా మీటింగులు. మీటింగులో ఉన్నప్పుడు తలుపు గొళ్లేనికి ఎర్రగుడ్డ కడుతుంది. గుడ్డ ఉంటే ఎవరూ తలుపు కొట్టకూడదు. నా పాత చీర చింపి ఆ గుడ్డ ఇచ్చింది నేనే. అన్నానికి దిగి వచ్చి, కంచంలో వేళ్లు పెట్టి, కలుపుకోవడం మరిచిపోయి అలా చూస్తూ కూర్చుంటుంది. "ఏమైందే?" అంటే "ఏం లేదత్తయ్యా, బటన్ మళ్లీ మార్చమన్నారు" అంటుంది. ఒక్క బటన్‌ని పదకొండుసార్లు మార్పించారు. నీలం అన్నారు, లేత నీలం అన్నారు, ముదురు నీలం అన్నారు, మూలలు గుండ్రంగా అన్నారు, చివరికి మొదటిదే బాగుందన్నారు. వాళ్ల మొహాలు మండ! ఆ పదకొండుసార్లూ రాత్రింబవళ్లు మెడ వంచింది మా పిల్ల.

ఆ నీలం బటన్ సంగతి చెప్పాలి. ఫోను నిండిపోయినప్పుడు 'అటక' తనంతట తనే ఫోటోలన్నీ గాలించి, మసకగా ఉన్నవి, చీకటిగా ఉన్నవి, పొరపాటున తీసినట్టున్నవి ఏరి ఒక తెర మీద పేరుస్తుంది. "అక్కరలేని ఫోటోలు ఇన్ని ఉన్నాయి. తీసేయనా?" అని అడుగుతుంది. అన్నిటికీ ముందే టిక్కులు పెట్టేసి ఉంటాయి. కింద పెద్ద నీలం బటన్. లలిత మొదట గీసినప్పుడు టిక్కులు లేవు. ఎవరికి ఏది వద్దో వాళ్లే చూసుకుని పెట్టుకోవాలని గీసింది. జనానికి అంత ఓపిక ఉండదన్నారు పైవాళ్లు. తీసేసినవి అరవై రోజులు చెత్తబుట్టలో ఉంచుదామంది, ముప్పై చాలన్నారు. చెత్తబుట్ట మొదటి తెర మీదే కనపడాలంది, చూడ్డానికి బాగోదని మూడు తెరల లోపలికి తోయించారు. తనకు ఓపిక ఉన్నంతసేపు వాదించింది, ఓపిక అయిపోయాక సరేనంది. ఆ తెర బయటికి వచ్చాక నూటికి ఎనభై మంది నీలం బటన్ నొక్కుతున్నారని కంపెనీవాళ్లు మురిసిపోయి తనకొక కాఫీ కప్పు పంపారు. దాంట్లో నేను దువ్వెనలు పెట్టుకుంటున్నాను.

మొన్న జ్యేష్ఠం ఆఖర్లో ఒక సాయంత్రం చిన్నరాయప్ప మా ఇంటికి వచ్చాడు. అతనిది ఆగిరిపల్లి అవతల ఊరు. మామిడి అంట్లు కడతాడు. టెంక నుంచి మొలిచిన మొక్క మొదలు మీద మంచి చెట్టు పుల్ల చెక్కి అతికిస్తే, ఆ మొక్క పెరిగి ఆ చెట్టు కాయే కాస్తుంది. ఆ పనిలో అతని చేతికి చుట్టుపక్కల పేరుంది.

నాకు అతను తెలిసింది వేరే విధంగా. ముప్పై ఏళ్ల కిందట నేను ఆగిరిపల్లిలో పని చేసేటప్పుడు సాయంత్రాలు పెద్దవాళ్లకి చదువు చెప్పమని పెట్టారు. అతను మూడు వారాలు వచ్చాడు. పలక మీద అక్షరం నిలవలేదు. ఒకరోజు నాకు విసుగొచ్చి, అందరి ముందూ, "నీకు చెట్టెక్కడమే కానీ అక్షరం ఎక్కదురా" అన్నాను. నాకంటే రెండేళ్లు పెద్దవాడు, అయినా 'రా' అన్నాను. అందరితోపాటు తనూ నవ్వాడు. మర్నాటి నుంచి రాలేదు. కోపం మాత్రం పెట్టుకోలేదు, ఏటా ఒక బుట్ట రసాలు తెచ్చిస్తాడు. ఆ ముప్పై ఏళ్ల కాయలూ నేను హాయిగా జుర్రుకుని తిన్నాను.

"టీచరమ్మగారూ, మీ కోడలుగారు ఫోన్లో బొమ్మలు చేస్తారంట గదా. నా ఫోటోలు పోయాయండీ" అన్నాడు అరుగు మీద కూర్చుంటూ.

సంగతి ఏమిటంటే, పోయినేడు వానాకాలంలో వాళ్ల వైపు మామిడి తోటలు వరసగా కొట్టేశారు, పామాయిల్ వేయడానికి. చెట్లు పడిపోతుంటే ఏడుగురు వచ్చి అతన్ని అడిగారట, ఫలానా చెట్టు పోతోంది, దాని పిల్లనొకటి నిలబెట్టు అని. రెండు రోజులు వానలో తిరిగి, పడి ఉన్న కొమ్మల నుంచి పుల్లలు కోసుకొచ్చి అంట్లు కట్టాడు. పుల్ల ఎండితే పనికిరాదు, అందుకని ఆ హడావిడి. అరవై మొక్కలు బతికాయి. ఏ మొక్క ఎవరి చెట్టుదో గుర్తుండాలి కదా?

"రాసుకుందామంటే నాకు రాత రాదాయె. మీకు తెలిసిందే" అని నవ్వాడు. నేను నవ్వలేదు. "రంగు గుడ్డపీలికలు కడితే ఎండకి అన్నీ తెల్లబడిపోయాయి. అందుకని ఫోన్లో పెట్టుకున్నా. ఫోన్లో ఎండ తగలదు గదండీ."

"ఫోన్లో ఎట్లా పెట్టావయ్యా, పేర్లు రాయకుండా?"

"తోట కాపలా ఆరోగ్యం ఉందిగా, ఆమె చెట్టుదనుకోండి, ముందు ఆరోగ్యం క్యారేజీ మూత ఫోటో తీశా. దాని ఎనకాల ఆ చెట్టు మొక్కలు, ఒక్కొక్కటి. అయ్యాక కృష్ణమూర్తిగారి చేతికర్ర ఫోటో. దాని ఎనకాల ఆయన మొక్కలు. ఇంకొకళ్లది తెగిన చెప్పు, ఇంకొకళ్లది సైకిల్ బెల్లు. మూత కనపడితే ఇక్కణ్ణించి ఆరోగ్యానియ్యి, కర్ర కనపడితే ఇక్కణ్ణించి ఆయనియ్యి. అంతేనండీ."

మొక్క ఫోటో చూస్తే పెరట్లో ఉన్న మొక్క ఏదో చెప్పేస్తాడట. అతుకు దగ్గర దేని వంకర దానిదేనట. మే నెల గాలివానకు పందిరి పడిపోయి, మొక్కల సంచులన్నీ హడావిడిగా ఇంట్లోకి మోసినప్పుడు వరసలు కలిసిపోయాయి. ఫోన్లో ఉన్నాయి కదా అని ధీమాగా ఉన్నాడు.

"ఏరువాక పున్నమి మర్నాడు ఫోను ఏదో అడిగింది. నీలంగా పెద్దది వచ్చింది. ఎప్పుడూ వచ్చేదేగదాని నొక్కా. ముప్పై ఎనిమిదని అంకె కనపడింది, అంకెలు తెలుసుగా నాకు. తరవాత చూస్తే మొక్కలన్నీ ఉన్నాయమ్మా, ఏవో పిచ్చి ఫోటోలతో పాటు ఏడు గుర్తులూ పోయాయి."

మూత, కర్ర, చెప్పు, బెల్లు. దగ్గరగా పెట్టి తీసినవి, మసకవి, చీకటివి. 'అటక' లెక్కలో అక్కరలేనివి.

"తొలకరి పడింది. ఆరోగ్యం గొయ్యి తవ్వుకుని కూర్చుంది. ముప్పై ఏళ్లు ఆ తోటకి కాపలా ఉంది గదండీ, పాక పక్కన చెట్టు అది. నీ చెట్టు పిల్లని నీకిస్తానని మాటిచ్చా. ఇప్పుడు ఏది ఆమెదో నాకే తెలీదు" అన్నాడు. నవ్వు అప్పటికి పోయింది.

భోజనాల దగ్గర లలితకు చెప్పాను. కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేసింది.

"అత్తయ్యా, చదువు రానివాళ్లకి ఫోల్డర్ అంటే ఎలా చూపించాలా అని నేను ఆరు నెలల నుంచి కొట్టుకుంటున్నాను. ఆయన చేసేసుకున్నాడు" అంది. కంచం పక్కకి జరిపి, "నా తెర వెళ్లి దాన్ని ఊడ్చేసింది" అంది.

"ఇప్పుడేం దారి?"

"చెత్తబుట్టలో ఉంటాయి. ముప్పై రోజులు. పది రోజులేగా అయింది."

వెంటనే అతనికి ఫోను చేసింది, స్పీకరు పెట్టి.

"చిన్నరాయప్ప గారూ, 'అటక' తెరిచారా? పైన ఎడంపక్క మూడు గీతలుంటాయి, నొక్కండి."

"సుక్కలున్నాయమ్మా మూడు."

"చుక్కలు కాదండీ, గీతలు. ఎడంపక్క."

"నా ఎడమా, ఫోను ఎడమా?"

లలిత కళ్లు మూసుకుంది. "మీ ఎడమేనండీ."

కిందా మీదా పడి పావుగంటకి ఆ చెత్తబుట్ట దాకా వెళ్లాడు. "నాలుగు బటన్లు వచ్చాయమ్మా. ఒకటి ఎర్రగా, పెద్దగా ఉంది. నొక్కనా?"

"వద్దు! ఎర్రది ముట్టుకోవద్దు!" అని కేక పెట్టింది. అది బుట్టను మొత్తం ఖాళీ చేసే బటనట. తిరిగి తెచ్చేది పక్కనున్న మూడు బూడిదరంగు వాటిలో ఒకటట, చిన్న అక్షరాలు చదివితేనే తెలుస్తుందట.

"ఎవరే ఆ దిక్కుమాలిన తెర గీసింది?" అన్నాను.

"నేనే అత్తయ్యా."

"ఏమీ ముట్టుకోకండి, నేనే వచ్చి తీసిస్తాను" అని అతనికి చెప్పింది. కంపెనీలో కొత్త యాప్ విడుదల నెత్తిమీద ఉంది, ఇద్దరు సెలవులో ఉన్నారు, ఆ పని కూడా తన మీదే పడింది. నేను గోడ క్యాలెండరు తీసి, నొక్కిన మర్నాడు ఒకటి, ఆ తర్వాత రెండు అని లెక్కపెట్టి, ముప్పయ్యో రోజు ఆదివారం వస్తే దాని చుట్టూ పెన్నుతో సున్నా చుట్టాను. ఈ ఆదివారం వెళదామంది, కుదరలేదు. పై ఆదివారం అంది, ఆ రోజూ పొద్దుట్నుంచీ ఫోన్లే. "గడువుందిగా" అని నేనే సర్దిచెప్పాను. ఆగిరిపల్లి ఎంత దూరమని? స్కూటరు మీద అరగంట.

సున్నా చుట్టిన ఆదివారానికి ముందు మంగళవారం, మూడు గంటలప్పుడు, చిన్నరాయప్ప బస్సులో తనే వచ్చేశాడు. ఫోను వానకు తడవకుండా పాలకవర్లో చుట్టుకొచ్చాడు. మీకెందుకు శ్రమ, నేనే తెచ్చానన్నాడు. మెట్లెక్కి చూశాను. ఎర్రగుడ్డ వేలాడుతోంది. లోపల నుంచి లలిత ఇంగ్లీషులో ఎవరికో సారీ చెబుతోంది. దిగొచ్చి అతనికి కాఫీ ఇచ్చాను, ఆ ఎర్ర బటన్ గుర్తొచ్చి ఫోను నేను ముట్టుకోలేదు. నాలుగున్నరకు మళ్లీ ఎక్కాను. గుడ్డ అలాగే ఉంది. మాట వినపడలేదు. అవతలివాళ్లు మాట్లాడుతున్నారేమో, వింటోందేమో అనుకున్నాను. తలుపు దాకా చెయ్యి వెళ్లింది. ఒక్క నిమిషం పని. కానీ తన ఉద్యోగం, తన మీటింగు, మధ్యలో అత్తగారు దూరిందంటారు అని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అయిదు దాటాక అతను లేచాడు. "మబ్బు పట్టిందమ్మా, మొక్కలు బయటున్నాయి. ఆదివారం వస్తారుగా."

"వస్తుందయ్యా, తప్పకుండా వస్తుంది" అన్నాను.

ఆరున్నరకి లలిత దిగింది. చెంప మీద కీబోర్డు అచ్చులు పడి ఉన్నాయి. చిన్నరాయప్ప వచ్చి రెండు గంటలు కూర్చుని వెళ్లాడని చెబితే మొహం పాలిపోయింది.

"తలుపెందుకు కొట్టలేదత్తయ్యా?"

"గుడ్డ ఉందిగా!"

"మీటింగు నాలుగింటికే అయిపోయింది. గుడ్డ విప్పడం మర్చిపోయాను. అలా టేబుల్ మీద తల పెట్టానంతే."

తిడదామని నోరు తెరిచాను. తన కళ్ల కింద నలుపు చూసి మళ్లీ మూసేశాను. శుక్రవారం కావాల్సిన విడుదల శనివారం సాయంత్రానికి అయింది.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం స్కూటరు మీద బయల్దేరాం. సన్నటి తుంపర. లలిత నడుపుతుంటే వెనక నేను గొడుగు తెరవలేక మూయలేక అవస్థపడ్డాను. దారిలో తోట, తోట, మధ్యలో ఒక్కసారిగా బోడి నేల, చిన్న చిన్న పామాయిల్ మొక్కలు, మళ్లీ తోట. చిన్నరాయప్ప పెరట్లో గోడవారగా అరవై సంచులూ పేర్చి ఉంచాడు. మా కోసం రెండు కుర్చీలు తుడిచి వేశాడు. లలిత కూర్చోకుండానే ఫోను తీసుకుంది. మూడు గీతలు, తర్వాత ఒకటి, తర్వాత ఇంకొకటి.

తెర మీద ఒక చిన్న బుట్ట బొమ్మ, దాని అంచు మీద ఒక పిచ్చుక. "బుట్ట ఖాళీ. అంతా శుభ్రం!" అని రాసి ఉంది. ఆ పిచ్చుకను గీసిన రోజు లలిత నాకు చూపించి, బాగుందా అత్తయ్యా అని అడిగింది. బాగుందన్నాను.

"ముప్పై ఇవాళేగా?" అన్నాను.

"నిన్న అత్తయ్యా. నొక్కిన రోజు కూడా లెక్కలోకి వస్తుంది. మీరు మర్నాటి నుంచి లెక్కపెట్టారు. నేను సరిచూడలేదు" అంది.

నిఖిత అని వాళ్ల కంపెనీలో సర్వర్లు చూసే అమ్మాయికి ఫోను చేసింది. బతిమాలింది. అవతల నుంచి వచ్చిన జవాబు నాకూ వినపడింది. పోయినవి పోయినట్టేనట. ఫోటోలకు తేదీలుంటాయి కదా అని వెతికింది. అన్నీ ఒకే రోజువి, రెండు గంటల్లో వరసగా తీసినవి. ఏ చెట్టుది ముందు తీశారని అడిగితే చిన్నరాయప్ప చాలాసేపు ఆలోచించాడు. "ఆరోగ్యానిదే ముందనుకుంటా. కాదేమో" అన్నాడు.

తర్వాత అతను గోడ దగ్గర గొంతుక్కూర్చుని ఒక్కో మొక్కకీ ఒక ఆకు తుంచి, నలిపి, వాసన చూడటం మొదలుపెట్టాడు. తొమ్మిది సంచులు పక్కకి పెట్టాడు. "ఇయ్యి బంగినపల్లి. ఒక్కళ్లదే, కృష్ణమూర్తిగారియ్యి" అన్నాడు. మాకు ప్రాణం లేచొచ్చింది. కానీ మిగిలిన ఆరు చెట్లూ రసాలే. యాభై ఒక్క మొక్కలదీ ఒకటే వాసన. అన్నిటినీ నలిపి చూశాకే లేచాడు.

అప్పుడొచ్చింది ఆరోగ్యం, నెత్తి మీద ఖాళీ బేసిన్ పెట్టుకుని. డెబ్బై ఉంటాయి, మనిషి చువ్వలా ఉంది. మేము వస్తున్నామని తెలిసి మొక్క పట్టుకెళ్దామని వచ్చింది. చిన్నరాయప్ప తల దించుకునే చెప్పాడు.

"పోయాయంట అక్కా. ఇంక రావంట."

ఆమె మా మొహాలు చూసింది, సంచులు చూసింది. "సర్లే, ఏదో ఒకటియ్యి. అదే అనుకుని నీళ్లు పోసుకుంటా."

"ఏదో ఒకటి నేనియ్యలేను. ఇదే నీ చెట్టని అబద్ధం ఎట్టా చెప్పను?"

"నాకు చెప్పబాకు అయితే. నాలుగేళ్లకి కాయొస్తే నేనే కొరికి చెబుతా నాదో కాదో. ముప్పై ఏళ్లు తిన్న కాయ, నాకు తెలవదా? అందాకా నన్ను బతకనియ్యమని చెప్పు ఆ దేవుడికి." అని బేసిన్ బోర్లించి దాని మీద కూర్చుంది. ఎవరినీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

లలిత సంచుల మధ్య నిలబడిపోయింది. తుంపరకి జుట్టు నుదుటికి అంటుకుపోయింది, తుడుచుకోలేదు. "నాదే తప్పండీ" అంది.

"నొక్కింది నేనేగదమ్మా" అన్నాడు చిన్నరాయప్ప.

"మీరు తప్పు నొక్కితే తప్పు నాదండీ. ఆ తెర నేను గీశాను. మొన్న మీరు వచ్చి కింద కూర్చుంటే పైన నిద్రపోయాను." ఇంట్లో ఉండీ తలుపు కొట్టనిదాన్ని, లెక్క తప్పినదాన్ని, ఇంక నేనేం ఓదార్చను?

"చిన్నరాయప్పా, ఆ రోజుల్లో పలక దగ్గర నేనన్న మాట ఒకటుంది" అన్నాను.

"ఏ మాటమ్మా? బోలెడన్నారు" అన్నాడు, కొంచెం నవ్వి. నేను క్షమించమని అడిగాను. అతను వినపడనట్టు ఫోను పంచెకి తుడుచుకున్నాడు.

లలిత ఆ ఫోను మళ్లీ అడిగి తీసుకుని, ఎక్కడెక్కడో వెతికి, నీలం బటన్ ఇంకెప్పుడూ అడగకుండా ఆపేసి ఇచ్చింది. గీసిన తనకే అది దొరకడానికి అయిదు నిమిషాలు పట్టింది. అతను ఫోను పట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"అమ్మా, గోడ దగ్గిర ఒకసారి నిలబడతారా?"

"నేనా? ఎందుకండీ?"

"గుర్తుకమ్మా. మళ్లీ మొదట్నించీ తీసుకోవాలి గదా. బంగినపల్లికి కర్ర ఉంది, కృష్ణమూర్తిగారి కాడికెళ్లి తీసుకుంటా. ఈ యాభై ఒకటీ ఎవరియ్యో తెలీనియ్యి. వీటికీ ముందొక గుర్తుండాలి. మీ బొమ్మ కనపడితే ఇక్కణ్ణించి తెలీనియ్యని తెలుస్తది."

అతని మాటలో ఎత్తిపొడుపు లేదు. పని చేసుకునేవాడు అడిగే తీరులోనే అడిగాడు. లలిత నా వైపు చూసింది. వెళ్లి గోడకు ఆనుకుని నిలబడింది. ఫోటో అనగానే అలవాటుగా నవ్వబోయి, ఆపుకుంది.

తొమ్మిదేళ్లుగా లక్షలమంది ఫోన్లలో తను గీసిన తెరలు తిరుగుతున్నాయి. ఒక్కదాని మీదా తన పేరు లేదు. మొదటిసారి ఒక మనిషి తన మొహాన్ని గుర్తుగా పెట్టుకుంటున్నాడు. ఆరోగ్యం బేసిన్ మీద కూర్చుని చూస్తోంది. నేను మొదటి సంచి ఎత్తి చేతుల్లో పట్టుకున్నాను, తన ఫోటో అవగానే దీన్ని తీయాలి.

చిన్నరాయప్ప నొక్కి, తెర మీదికి వంగి చూశాడు. "కదిలారమ్మా, మసగ్గా వచ్చింది. ఇంకోటి తీయనా?"

"వద్దండీ" అంది లలిత. "అదే ఉంచండి."